గ్రామ పంచాయతీ ప్రణాళిక తయారీకి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏటా అక్టోబరు 2న, గ్రామ పంచాయతీల వచ్చే ఏడాది ప్రణాళికను ప్రజలతో కలిసి తయారుచేసే ప్రజా ప్రణాళిక ప్రచారం మొదలవుతుంది. 2018 నుంచి సాగుతున్న ఈ ప్రచారంలో, వచ్చే ఆర్థిక సంవత్సరంలో గ్రామంలో ఏ పని జరగాలో కొద్ది వారాల్లోనే తేలిపోతుంది. గ్రామసభ ఆమోదించిన పనులే పంచాయతీల ప్రణాళికలు, చెల్లింపులు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లోకి ఎక్కుతాయి. అందులోకి ఎక్కిన పనులకే ఆర్థిక సంఘం నిధుల నుంచి చెల్లింపులు జరుగుతాయి. అనుబంధ ప్రణాళికతో తర్వాత సరిదిద్దుకునే వీలున్నా, అది పూర్తయ్యేలోపు ఎండాకాలం వచ్చిపడుతుంది. కాబట్టి సర్పంచులు, వార్డు సభ్యులు, కార్యదర్శులు, వారితోపాటు గ్రామంలో ఓటు ఉన్న ప్రతి ఒక్కరూ సెప్టెంబరులోనే మేల్కొనడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త సమాచారానికి సంబంధించినది. చాలాచోట్ల 2011 జనాభా లెక్కలనే ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆ తర్వాత ఎన్నో ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి, కొత్త కాలనీలు వెలిశాయి, కొన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి. గ్రామాల్లోని వసతులను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ మిషన్ అంత్యోదయ సర్వేలో మీ గ్రామం గురించి ఏమి నమోదైందో తెప్పించుకుని, కనీసం రెండు వారాల ముందు ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును, మహిళా సంఘాల ప్రతినిధులను వెంటబెట్టుకుని వీధి వీధీ నడిచి, ఆ వివరాలను కళ్లతో సరిచూసుకోవాలి. ఉదాహరణకు, కాగితం మీద ప్రతి ఇంటికీ కుళాయి ఉన్నట్టే ఉంటుంది. మెరక వీధి చివరి ఇంటికి వెళ్లి చూస్తే, నీరు పైకి ఎక్కక ఆ ఇల్లాలు వాకిట్లో మోకాలి లోతు గొయ్యి తవ్వించి, కుళాయిని అందులోకి దింపుకుని, గొయ్యిలోకి వంగి బిందె నింపుకుంటూ కనిపిస్తుంది. ఆ గొయ్యిని చూడనివారు కొత్త ట్యాంకు కావాలని రాస్తారు. చూసినవారు మాత్రం ఆ వీధికి విడిగా పైపులైను, ఒక వాల్వు సరిపోతాయేమోనని ఇంజినీరును అడుగుతారు. రెండింటి ఖర్చుకూ పోలికే లేదు.

గ్రామసభ వేళ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అక్టోబరు, నవంబరు నెలల్లో పత్తి ఏరడానికి వెళ్లే కూలీలు పొద్దున్నే ఊరు దాటుతారు. పదకొండు గంటలకు సభ పెడితే, ప్రణాళిక ఎవరికి ఎక్కువ అవసరమో వారే ఉండరు. వీలైనంతవరకు సాయంత్రం పెట్టాలి. చాటింపు ఎస్సీ కాలనీలోనూ తండాలోనూ విడిగా వేయించాలి. అంతకుముందే మహిళా సభ, బాలల సభ జరిపి అక్కడి కోరికలను రాతపూర్వకంగా తీసుకోవాలి. మహిళా సంఘాలు తయారుచేసే పేదరిక నిర్మూలన ప్రణాళికను కూడా గ్రామసభలో చదివించాలి. తీర్మానాన్ని అక్కడే రాసి, అందరికీ వినిపించిన తర్వాతే సంతకాలు తీసుకోవాలి. రిజిస్టరును మర్నాడు ఇంటింటికీ తిప్పి వేలిముద్రలు వేయించుకునే పద్ధతిని ఎంత ఇబ్బందైనా మానుకోవలసిందే, ఎందుకంటే రాజ్యాంగం 243ఎ అధికరణ గుర్తించిన సభ విలువ అక్కడే పోతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన గిరిజన ప్రాంతాల్లో, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ప్రకారం పనులు మొదలయ్యే ముందు గ్రామసభ ఆమోదం తప్పనిసరి అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

డబ్బు లెక్క ముందు, పనుల జాబితా తర్వాత రావాలి. ఈ వరుస తారుమారైతే ప్రణాళిక కోరికల చిట్టాగా మిగులుతుంది. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021-26 మధ్య, పంచాయతీలకు వచ్చిన గ్రాంటులో 40 శాతం షరతులు లేనిది. మిగిలిన 60 శాతంలో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాన నీటి సంరక్షణ వంటి వాటికి కేటాయించాల్సి ఉండేది. షరతులు లేని భాగాన్ని కూడా జీతాలకు వాడకూడదన్న నిబంధన ఉండేది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం మొదలైంది కనుక, పాత నిష్పత్తులను నోటి లెక్కగా అన్వయించకుండా తాజా మార్గదర్శకాలను చదివి ముందుకు వెళ్లాలి. సొంత ఆదాయాన్ని లెక్కించేటప్పుడు ఇంటి పన్ను డిమాండును కాక, గడిచిన మూడేళ్లలో నిజంగా వసూలైన మొత్తాన్ని ఆధారం చేసుకోవాలి. ప్రతి కొత్త నిర్మాణం పక్కనా దాని కరెంటు బిల్లు, మరమ్మతులు, కాపలా ఖర్చు ఏటా ఎంతో, ఎవరు భరిస్తారో రాయాలి. మోటారు కాలిపోతే రీవైండింగుకు డబ్బు చూపించలేని పంచాయతీకి రెండో బోరు వల్ల మేలు జరగదు.

పంచాయతీలకు అప్పగించదగిన అంశాలను చెప్పే రాజ్యాంగం 11వ షెడ్యూలులో 29 అంశాలు ఉండగా, మన ప్రణాళికలు చాలావరకు సీసీ రోడ్డు, మురుగుకాలువల దగ్గరే ఆగిపోవడం బాధ కలిగించే విషయం. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను పంచాయతీ స్థాయికి తెచ్చిన స్థానిక లక్ష్యాల కింద చెప్పిన తొమ్మిది ఇతివృత్తాలనూ ఒకే ఏడాది మీద వేసుకోకుండా, గ్రామానికి బాగా సరిపోయే ఒకటి రెండింటిని సంకల్పంగా తీసుకోవడం క్షేమం. బడి మానేసిన పిల్లలను తిరిగి చేర్చడం, బాల్య వివాహాలను ఆపడం వంటి, పైసా పెద్దగా అక్కరలేని పనులను కూడా ప్రణాళికలో రాయాలి. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో ఏటా కురిసిన వానను, ఉన్న నీటిని లెక్కగట్టి ఏ పంటలకు వీలుందో గ్రామస్థులు కలిసి నిర్ణయించుకుంటారు. మన వరంగల్ ప్రాంతపు గంగదేవిపల్లిలో ఒక్కో అవసరానికి ఒక్కో కమిటీ వేసుకుని పనులు నడిపించుకున్నారు. రెండుచోట్లా నిధుల కన్నా ముందు ఊరి కట్టుబాటే పని చేసింది.

భవనం ఏదైనా ప్రతిపాదించే ముందు స్థలం సర్వే నంబరు, హక్కు పత్రాలు చూసుకోవాలి. సగంలో ఆగిన పాత పనులు ఉంటే వాటికే మొదటి చోటు ఇవ్వాలి.

చివరి దశలో పని పేరు రాయడంలో అజాగ్రత్త కూడదు. ‘అంతర్గత రోడ్డు’ అని మాత్రమే నమోదైతే అది ఏ వీధికైనా మళ్లిపోవచ్చు. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఎన్ని మీటర్లు అన్నది తీర్మానంలో ఎలా ఉందో అప్‌లోడులోనూ అలాగే ఉండాలి. నమోదు పూర్తయ్యాక వార్డు సభ్యులు పోర్టల్‌లోని జాబితాను, తీర్మానం నకలును పక్కపక్కన పెట్టుకుని వరుసవారీగా పోల్చి, తేడా కనిపించిన వెంటనే రాతపూర్వకంగా కార్యదర్శి దృష్టికి తీసుకువెళ్లి, ఆ జాబితాను పంచాయతీ కార్యాలయం గోడ మీద అందరికీ కనిపించేలా అంటించాలి.