ఉల్లి వేరు కొనలో కణ విభజనను చూడటం ఎలా?

కణం రెండుగా విడిపోవడాన్ని పుస్తకంలో బొమ్మగా చూసినవాళ్లే ఎక్కువ. ఒక ఉల్లిపాయ, కాలేజీ ల్యాబ్‌లో ఒక మైక్రోస్కోపు ఉంటే చాలు, కళ్లారా చూడొచ్చు. ఉల్లి కణంలో క్రోమోజోములు, అంటే డీఎన్ఏను మోసే దారాలు, 16 మాత్రమే, పైగా పెద్దవి. కాల్చిసిన్ అనే మందు కణ విభజనను ఎలా ఆపుతుందో స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ 1938లో పరీక్షించింది కూడా ఉల్లి వేర్ల మీదే. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయని 1956లో జో హిన్ చియోతో కలిసి తేల్చిందీ ఆయనే.

మొదట వేర్లు రావాలి

చిన్న, గట్టి ఉల్లిపాయ తీసుకోండి. అడుగున ఎండిపోయిన పాత వేర్లను బ్లేడుతో గీకేయండి. అడుగు భాగం మాత్రం తెగకూడదు, కొత్త వేర్లు వచ్చేది అక్కడినుంచే. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, ఉల్లి అడుగు మాత్రమే నీటికి తగిలేలా పైన పెట్టండి. లోపలికి జారిపోతుంటే పక్కల్లో మూడు టూత్‌పిక్కులు గుచ్చండి. సగం మునిగితే కుళ్లిపోతుంది. రోజూ నీళ్లు మార్చండి. మూడు నుంచి ఆరు రోజుల్లో రెండు మూడు సెంటీమీటర్ల తెల్లటి వేర్లు వస్తాయి. ఇంతవరకు ఇంట్లో చేసుకోవచ్చు. యాసిడ్ వాడే పని మాత్రం ల్యాబ్‌లోనే, లెక్చరర్ పక్కన ఉండగానే.

ఇక్కడ ఒక మాట. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఉల్లి ఎక్కువ రోజులు నిల్వ ఉండటానికి గామా కిరణాలు పట్టించే కేంద్రం ఉంది. ఆ కిరణాలు మొలక మొగ్గలోని కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. దాన్ని బాగుచేసుకోలేని కణాలు విభజన ఆపేస్తాయి, అందుకే మొలక రాదు. తినడానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మైక్రోస్కోపు దగ్గర పనికొస్తుంది.

కోయడం, రంగు వేయడం

ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య వేర్ల కొనలు కోయండి. మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు ఎసిటిక్ యాసిడ్ కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచితే ప్రతి కణమూ ఏ దశలో ఉన్నది ఆ దశలోనే ఆగిపోతుంది. వెంటనే చూడకపోతే 70 శాతం ఆల్కహాలులో దాచుకోవచ్చు.

ఒక వేరును స్లైడు మీద పెట్టి, పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక చుక్క, ఎసిటోకార్మిన్ రంగు రెండు మూడు చుక్కలు వేయండి. యాసిడ్ కణాలను పట్టి ఉంచిన బంధాన్ని వదులు చేస్తుంది. స్పిరిట్ ల్యాంపు పైన స్లైడును అటూ ఇటూ కదుపుతూ వేడి చేయండి. రంగు మరగకూడదు. ముంజేతి వెనక ఆనించి చూస్తే ఓర్చుకోగలిగేంత వేడి సరిపోతుంది. ఐదు పది నిమిషాలయ్యాక, బాగా రంగు పట్టిన చివరి రెండు మిల్లీమీటర్లు ఉంచుకుని మిగతాది తీసేయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పొడుగు ముక్క ఉంచితే అందులో విభజించని పెద్ద కణాలే కనిపిస్తాయి.

కవర్ స్లిప్పు వేసి, పైన బ్లాటింగ్ పేపరు పెట్టి, బొటనవేలితో నిటారుగా నొక్కండి. కవర్ స్లిప్పు పక్కకు జరిగిందా, కణాలు చుట్టుకుపోతాయి. అప్పుడు కొత్త స్లైడుతో మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

మైక్రోస్కోపు కింద

ముందు పది రెట్ల లెన్సుతో, తర్వాత నలభై రెట్ల లెన్సుతో చూడండి. దారాలు చిక్కబడుతుంటే ప్రథమ దశ. క్రోమోజోములు మధ్యలో వరుసగా నిలబడితే మధ్యస్థ దశ. రెండు గుంపులుగా విడిపోతూ చెరో వైపు లాగబడుతుంటే చలన దశ. రెండు కేంద్రకాలు ఏర్పడుతుంటే అంత్య దశ.

అయితే మీకు కనిపించే కణాల్లో ఎక్కువ భాగం ఇవేవీ కావు. గుండ్రటి కేంద్రకంతో నిశ్శబ్దంగా ఉన్న అంతర్దశ కణాలు. వీటిని విశ్రాంతి దశ అని దాటేస్తుంటారు. అది అన్యాయం. డీఎన్ఏ మొత్తం రెండింతలయ్యేది ఈ దశలోనే. కాపీ చేసే ఎంజైము సుమారు లక్ష డీఎన్ఏ అక్షరాలకు (వీటినే బేసులు అంటారు) ఒక తప్పు చేస్తుంది. చాలావాటిని అప్పటికప్పుడే వెనక్కి వెళ్లి తనే దిద్దుకుంటుంది. మిగిలిన వాటిని, జత కుదరని అక్షరాలను సరిచేసే మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్లు వెతికి పట్టుకుంటాయి. చివరకు మిగిలేది వంద కోట్ల అక్షరాలకు ఒక్క తప్పు దగ్గర. అదే మ్యుటేషన్. ఈ రిపేరు రహస్యాలు విప్పిన టోమస్ లిండాల్, పాల్ మాడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. పుట్టుకతోనే మిస్‌మ్యాచ్ రిపేరు జన్యువుల్లో లోపం ఉన్నవాళ్లకు లించ్ సిండ్రోమ్ వల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ అనే మందు దెబ్బకొట్టేదీ ఈ అంతర్దశనే. డీఎన్ఏ తయారీకి కావలసిన సరుకు అందకుండా చేసి, ఆగకుండా విభజించే క్యాన్సర్ కణాలను అడ్డుకుంటుంది.

ఒక్క అక్షరం మారిన మ్యుటేషన్ ఈ మైక్రోస్కోపులో కనిపించదు. సికిల్ సెల్ వ్యాధికి కారణం అలాంటి ఒక్క మార్పే. కానీ క్రోమోజోము తెగి, సరిగా అతుక్కోకపోతే కనిపిస్తుంది. చలన దశలో రెండు గుంపుల మధ్య వంతెనలా సాగిన దారం ఉందేమో, కేంద్రకం పక్కన చిన్న చుక్కలాంటి బుల్లి కేంద్రకం ఉందేమో చూడండి. లాసల్‌గావ్ ఉల్లి మొగ్గలో కణాలను ఆపేసేది ఇలాంటి దెబ్బే. కాలుష్యం ఉన్న నీటిని పరీక్షించడానికి ఉల్లి వేర్లలో ఈ గుర్తులనే లెక్కపెడతారు.

ఇక లెక్క. వేర్వేరు చోట్ల కనీసం 100 కణాలు చూసి, ఏ దశలో ఎన్ని ఉన్నాయో రాయండి. విభజిస్తున్న వాటిని మొత్తం కణాలతో భాగించి వందతో గుణిస్తే విభజన శాతం వస్తుంది. రికార్డులో నాలుగు దశలతో పాటు ఒక అంతర్దశ కణాన్ని కూడా గీసి, దాని పక్కన ‘డీఎన్ఏ కాపీ, రిపేరు జరుగుతున్న కణం’ అని రాయండి.