శాలరీ క్యాప్ తొలగిస్తే ఫుట్‌బాల్ జట్టు ఏమవుతుంది: లెక్క కట్టుకునే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లో ఫుట్‌బాల్‌ను ప్రేమించే తెలుగువారికి ఒడిశా ఎఫ్‌సీ సొంత జట్టుతో సమానం. 2023 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో బెంగళూరు ఎఫ్‌సీని 2-1 తేడాతో ఓడించి ఆ జట్టు సూపర్ కప్ గెలిచిన రాత్రి మా వీధిలో చాలాసేపు ఎవరూ నిద్రపోలేదు. ఆ జట్టు ఆడే ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆటగాళ్ల జీతాల మొత్తంపై ఒక పరిమితి, అంటే శాలరీ క్యాప్, ఉంటూ వచ్చింది. 2021-22 సీజన్‌లో అది 16.5 కోట్ల రూపాయలు. ఆ పరిమితిని ఎత్తివేస్తే మన జట్టుకు మేలా, కీడా అని అడిగేవారు మా దగ్గర తరచూ కనిపిస్తారు. యజమాని సంపద చూసి జవాబు చెప్పేవారే ఎక్కువ. ఒక నోటుపుస్తకం, పత్రికల్లో వచ్చే క్లబ్ వివరాలు దగ్గర పెట్టుకుంటే ఇంతకన్నా నమ్మదగిన అంచనా ఎవరికి వారే వేసుకోవచ్చు.

ముందుగా, పోయినది ఏ రకం పరిమితో తెలుసుకోవాలి. కొన్ని లీగుల్లో అన్ని జట్లకూ ఒకే అంకె ఉంటుంది. స్పెయిన్‌లో ప్రతి క్లబ్బుకూ దాని ఆదాయాన్ని బట్టి వేరు వేరు పరిమితి నిర్ణయిస్తారు. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనాను విడిచి వెళ్లవలసి రావడానికి ఆ నిబంధనే ముఖ్య కారణం. ఒకే అంకె తొలగిపోతే పెద్ద జట్లకూ చిన్న జట్లకూ మధ్య దూరం పెరుగుతుంది. ఆదాయాన్ని బట్టి పెట్టిన పరిమితి తొలగిపోతే క్లబ్ తన అప్పుల్లో తానే మునిగే ప్రమాదం పెరుగుతుంది.

తరువాత పేజీని రెండుగా విభజించి ఒక వైపు క్లబ్ సంపాదన, మరో వైపు జీతాల మొత్తం రాయాలి. టికెట్లు, స్పాన్సర్లు, ప్రసార హక్కుల వాటా, అమ్మిన ఆటగాళ్ల ధర మాత్రమే సంపాదన. యజమాని జేబు నుంచి వేసే సొమ్మును అందులో కలపకూడదు, ఎందుకంటే ఆయన మనసు మారిన నాడు అది ఆగిపోతుంది. ఒక ఊహాజనితమైన జట్టును తీసుకుందాం: సంపాదన 20 కోట్లు, జీతాలు 14 కోట్లు, అంటే నూటికి 70. పరిమితి పోయిందన్న ఉత్సాహంలో చెరి 3 కోట్లకు ఇద్దరు ఫార్వర్డ్‌లను తెస్తే జీతాలు 20 కోట్లకు చేరి, సంపాదనంతా వాటికే సరిపోతుంది. ప్రయాణాలకు, మైదానానికి, వైద్యుడికి, కుర్రాళ్ల శిక్షణకు పైసా మిగలదు. సంపాదన ఎప్పుడూ ఒకేలా ఉంటుందని కూడా అనుకోరాదు: 2025 ఆగస్టులో మన లీగ్ భవిష్యత్తే తేలకపోవడంతో కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపివేయవలసి వచ్చింది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఈ లెక్కను ఒక్క ఏడాదికి ఆపకుండా మూడేళ్లకు పొడిగించడం. దీని విలువ నాకు మా ఊరి పోటీల వల్ల తెలిసింది. సంక్రాంతి తర్వాత జరిగే ఆ పోటీల లెక్కలు నేను ఏడేళ్లు రాశాను. ఒక్కో జట్టు బయటి ఆటగాళ్లను ముగ్గురినే తెచ్చుకోవాలని, వారందరికీ కలిపి 9,000 రూపాయలకు మించి ఇవ్వరాదని నియమం ఉండేది. ఒక ఏడాది ఆ నియమాన్ని తీసేశారు. వెంటనే ఒక జట్టు బరంపురం నుంచి ఆరుగురిని దింపింది. ఆ జట్టు పుస్తకం నేను స్వయంగా చూశాను: ఎడమ పేజీలో నీలి సిరాతో, ముందుగా ఇచ్చినది 12,000, కుడి పేజీలో ఎర్ర సిరాతో, ఫైనల్ అయ్యాక ఇవ్వవలసినది 26,000. వాళ్లు గెలిచారు. గెలిచినందుకు వచ్చినది ఒక మేకపోతు, 15,000 రూపాయలు. మిగిలిన 11,000 కోసం చందాలు ఇచ్చిన దుకాణాల చుట్టూ మళ్లీ తిరిగారు, కొంత అప్పు చేశారు, మరుసటి ఏడాది పోటీకి పేరే ఇవ్వలేదు. అంతకన్నా నన్ను బాధపెట్టిన విషయం మరొకటి ఉంది: అంతకుముందు ఏడాది ఆ జట్టుకు గోల్స్ కొట్టిన మా వీధి కుర్రవాడు టోర్నీ అంతా గీత అవతల నీళ్ల సీసాలు అందిస్తూ నిలబడ్డాడు.

కోట్ల రూపాయల జట్టుకూ ఇదే వర్తిస్తుంది. ఆటగాడి పేరు, ఈ ఏడాది జీతం, రెండో ఏడాది, మూడో ఏడాది అని నాలుగు గడులు గీసి, కాంట్రాక్ట్ ఎన్నేళ్లదో తెలిసిన ప్రతి ఆటగాడినీ అందులో చేర్చాలి. మొదటి ఏడాది జట్టు బలంగా కనిపించడం సహజం. మూడో ఏడాది గడిలోని మొత్తం సంపాదనను దాటితే, మంచి ఆటగాళ్లను సగం ధరకు వదులుకునే రోజు దగ్గరలోనే ఉందని అర్థం.

పరిమితితో పాటు ఇంకా ఏ నియమాలు మారుతున్నాయో చదవడం కూడా తప్పనిసరి. దీనికి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ మంచి ఉదాహరణ. ఆట వేరైనా లెక్క ఒకటే. అక్కడ 1994లో మొదలైన శాలరీ క్యాప్ 2009 నాటికి సుమారు 12.8 కోట్ల డాలర్లకు చేరింది. యజమానులు ఆటగాళ్ల సంఘంతో ఉన్న ఒప్పందం నుంచి ముందే తప్పుకోవడంతో 2010 సీజన్ పరిమితి లేకుండా జరిగింది. అయితే పైకప్పుతో పాటు నేల కూడా పోయింది: ప్రతి జట్టూ కనీసం ఇంత ఖర్చు చేయాలన్న నిబంధన ఆ ఏడాది వర్తించలేదు కాబట్టి, పొదుపు చేయదలచిన యజమానులు జీతాలు తగ్గించుకోగలిగారు. నాలుగేళ్ల అనుభవంతో స్వేచ్ఛగా జట్టు మారగలిగిన ఆటగాడు ఆ ఏడాది ఆరేళ్లు నిండే దాకా ఆగవలసి వచ్చింది. అంతకుముందు సీజన్ చివరి ఎనిమిదింటిలో నిలిచిన జట్లకు బయటి ఆటగాళ్లను తీసుకోవడంలో అదనపు ఆంక్షలు పెట్టారు. పరిమితి పోతే ఆటగాళ్లందరికీ పండగేనన్న మాట ఇక్కడ నిలవలేదు.

ఆ ఏడాదిని అవకాశంగా తీసుకుని వాషింగ్టన్, డాలస్ జట్లు కొన్ని పెద్ద కాంట్రాక్టుల భారాన్ని అందులోకి నెట్టాయి. రెండూ 6 గెలుపులు, 10 ఓటములతో సీజన్ ముగించాయి. పరిమితి తిరిగి వచ్చాక, 2012లో లీగ్ దీనిని తప్పుపట్టి వాటి పరిమితుల నుంచి వరుసగా 3.6 కోట్లు, 1 కోటి డాలర్లు కోత పెట్టింది. 2010 సీజన్ టైటిల్ సుమారు లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే అనే చిన్న పట్టణపు జట్టుకు దక్కింది. ఆ జట్టుకు ఒక ధనిక యజమాని లేడు, వాటాలన్నీ అభిమానులవే. ప్రసార ఆదాయాన్ని 32 జట్లూ సమంగా పంచుకోవడమే అటువంటి జట్టును నిలబెట్టింది. అందువల్ల పుస్తకంలో మరో ప్రశ్న రాసుకోవాలి: మన లీగ్‌లో ఆదాయం పంచుకునే ఏర్పాటు ఎంత బలంగా ఉంది? అది బలహీనంగా ఉన్న చోట పరిమితి తొలగింపు చిన్న జట్టును చాలా త్వరగా దెబ్బతీస్తుంది.

ఇంగ్లండ్ దిగువ లీగుల అనుభవం మనకు ఇంకా దగ్గరిది. 1885లో పుట్టిన బరీ క్లబ్ ఆర్థికంగా కుప్పకూలి 2019 ఆగస్టులో లీగ్ నుంచి బహిష్కృతమైంది. మరుసటి ఏడాది ఆగస్టులో లీగ్ వన్ జట్లకు 25 లక్షల పౌండ్లు, లీగ్ టూ జట్లకు 15 లక్షల పౌండ్లు చొప్పున పరిమితి విధించారు. ఆటగాళ్ల సంఘం మధ్యవర్తుల ముందు గెలవడంతో 2021 ఫిబ్రవరిలో దానిని ఉపసంహరించుకున్నారు. అయినా అంతా గాలికి వదిలేయలేదు. జీతాలు ఆదాయంలో ఇంత శాతం దాటరాదన్న పాత నియమం తిరిగి అమల్లోకి వచ్చింది. మన లీగ్‌లోనూ పరిమితి తీసేసే రోజు వస్తే, దాని స్థానంలో ఇటువంటి కంచె ఉందా లేదా అని మొదట వెతకండి.

ఇంగ్లండ్‌లో రద్దయిన ఆ పరిమితి లెక్కలోకి 21 ఏళ్ల లోపు ఆటగాళ్ల జీతాలు వచ్చేవి కావు. కుర్రవాడిని ఆడిస్తే క్లబ్బుకు లాభం. ఆ లాభం పరిమితితోనే పోయింది. మన జట్టు విషయంలో నేను అన్నిటికన్నా శ్రద్ధగా చూసేది ఈ గడినే. ప్రతి సీజన్ చివర 21 ఏళ్ల లోపు ఆటగాళ్ల పేర్లు, వారిలో ఒడిశా వారెందరో, ఒక్కొక్కరు మైదానంలో ఎన్ని నిమిషాలు ఆడారో రాసి ఉంచండి. పరిమితి తొలగిన తర్వాతి సీజన్‌లో అవే గడులు మళ్లీ నింపి, రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడండి.