డబ్బా వెనకవైపు చదవండి: సబ్బులు, క్రీములు, ఫ్లోర్ క్లీనర్లలో పరిమళం సంగతి

మా అమ్మ చేతివేళ్ల సందుల్లో చర్మం రెండేళ్లపాటు ఎర్రబడి, పగిలి, రాత్రిళ్లు దురదతో నిద్ర పట్టనిచ్చేది కాదు. గిన్నెలు తోమే నీళ్ల వల్లేనని ఇంట్లో అందరం అనుకున్నాం. నెల్లూరులో చర్మవైద్యునికి చూపించి, వీపు మీద పట్టీలు అంటించే ప్యాచ్ పరీక్ష చేయించాక, ఆమెకు పడనిది గిన్నెల సబ్బులోనూ చేతులకు రాసుకునే క్రీములోనూ ఉన్న పరిమళమని తేలింది. ఆ క్రీమును పగుళ్లు తగ్గుతాయని మేమే కొనిచ్చాం. అప్పటి నుంచి ఏది కొన్నా వెనకవైపు చదివాకే ఇంటికి తెస్తున్నాను. ఆ చదవడం ఎలాగో చెబుతాను.

మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం షాంపూ, క్రీము, పౌడరు వంటి వాటి మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ గడువు, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. ఎక్కువగా కలిపిన పదార్థం ముందు, తక్కువగా కలిపినది తర్వాత వస్తాయి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర ఏ వరుసలోనైనా రాయవచ్చు. పరిమళం సాధారణంగా ఆ చివరి భాగంలోనే 'పర్ఫ్యూమ్', 'పర్ఫమ్' లేదా 'ఫ్రాగ్రెన్స్' అనే ఒక్క మాటగా కనిపిస్తుంది. ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండవచ్చు.

యూరోపియన్ యూనియన్ ఈ విషయంలో ముందడుగు వేసింది. ఎలర్జీ కలిగించగల 26 పరిమళ పదార్థాలు, రాసుకుని వదిలేసే ఉత్పత్తిలో 0.001 శాతం, కడిగేసే ఉత్పత్తిలో 0.01 శాతం మించితే, వాటి పేర్లు విడిగా రాయాలని అక్కడ నియమం పెట్టారు. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచి, కొత్త ఉత్పత్తులకు 2026 జూలై 31ని గడువుగా నిర్ణయించారు. అందువల్ల ఇక్కడ దొరికే కొన్ని డబ్బాల మీద కూడా లినలూల్, లిమోనీన్, జెరానియోల్, యూజెనాల్ వంటి పేర్లు కనిపిస్తాయి. అవి ఉన్నంత మాత్రాన అందరికీ హాని జరుగుతుందని కాదు, మీకు పడనిది ఏదో తెలిస్తే దాన్ని వెతికి పట్టుకోవడానికి అవి పనికొస్తాయి. 'అన్‌సెంటెడ్' అన్న మాటను మాత్రం నమ్మకండి. ముడిసరుకు వాసనను కప్పడానికి అందులోనూ పరిమళం కలపవచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉన్నదే తీసుకుని, జాబితా కూడా ఒకసారి చూసుకోండి.

సహజమైనదంటే భయం లేదనే నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉంది. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ తెలిసినవారికి ఆ తొక్క నూనె వాసన కొత్త కాదు; అందులో ప్రధానమైనది లిమోనీనే. నిమ్మ రసం గానీ తొక్క నూనె గానీ అంటిన చేతులతో ఎండలో తిరిగితే చర్మం బొబ్బలెక్కి, తర్వాత నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు. సున్నిపిండిలో కలిపే బావంచాలలోనూ ఎండకు చర్మాన్ని కమిలించే సోరాలెన్ ఉంది. కాబట్టి బావంచాలు కలిపిన పిండితో నలుగు పెట్టుకుంటే బాగా కడుక్కుని, ఆ రోజు ఎండకు దూరంగా ఉండండి. పసిపిల్లలకు పెట్టే పిండిలో అవి అసలు వద్దు.

లిమోనీన్, లినలూల్ తాజాగా ఉన్నప్పటికంటే గాలి తగిలి పాతబడ్డాకే ఎక్కువ ఎలర్జీ కలిగిస్తాయి. రోహిణి కార్తెలో స్నానాల గది కిటికీలో మూత తీసి పెట్టిన సీసా ఇందుకు సరైన ఉదాహరణ. మూత బిగించి, నీడలో ఉంచండి, వాసన మారినదాన్ని పారేయండి.

ఫ్లోర్ క్లీనర్లు, ఫినాయిలు మీద సౌందర్య సాధనాలకున్నట్టు పూర్తి పదార్థాల జాబితా ఉండకపోవచ్చు. అందుకే వీధుల్లో మోపెడ్ మీద తెచ్చి, పాత కూల్‌డ్రింకు సీసాల్లో పోసి అమ్మే రంగు ద్రవాలను నేను కొనను. చీటీ లేని ఆ సీసాలోని నిమ్మ వాసనకు పసివాడు మూత తీసి తాగితే, ఏం తాగాడో డాక్టరుకు చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఎంత మంచి వాసన వచ్చినా, ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలపకండి. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పసిబిడ్డ బట్టల్లో నాఫ్తలీన్ ఉండలు పెట్టడం మానండి. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డకు వాటి ఆవిరి ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలదు. స్నానమయ్యాక బిడ్డకు సాంబ్రాణి పొగ వేసే ఆచారమున్న ఇళ్లలో, ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదని పెద్దవాళ్లకు మెల్లగా నచ్చజెప్పండి. తల ఆరడానికి మెత్తని తువ్వాలు చాలు.

కొత్త క్రీము తెచ్చినప్పుడు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాసి చూడండి. ఎలర్జీ బయటపడడానికి రోజులు పట్టవచ్చు కాబట్టి ఒక్క పూట పరీక్ష సరిపోదు. షాంపూ వంటి కడిగేసే వాటిని మామూలుగా వాడినంత సేపే ఉంచి కడిగేయండి. ఎర్రబడినా, దురద పెట్టినా వెంటనే ఆపేయండి.

తగ్గకపోతే చర్మవైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ డబ్బాను, చీటీని పారేయకుండా వెంట తీసుకెళ్లండి, లేదా బ్యాచ్ నంబరుతో సహా ఫోటో తీసి ఉంచండి. ప్యాచ్ పరీక్షలో పట్టీలను 48 గంటలు వీపు మీద ఉంచుతారు. ఆ రెండు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. అందుకే మా అమ్మకు ఎండలు తగ్గాక, కార్తీకంలో చేయించాం. లేబుల్ మీద ఉండాల్సిన వివరాలు లేకుండా అమ్ముతున్నారని కనిపిస్తే, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.