పొలం అమ్మిన డబ్బు షాపు ఖాతాలో వేయకండి

పోయిన నెల అనంతపురంలో శనక్కాయల మిల్లు నడిపే ఒకాయన ఆదాయపన్ను నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ నాన్న సేద్యం చేసిన మూడెకరాల చేనును ఈయన అమ్మాడు. ఏడాదిన్నర లోపే కళ్యాణదుర్గం వైపు ఇంకో చేను కొన్నాడు. "చేను కొన్నాను కదన్నా, ఇంకేంది?" అని అడిగాడు. బ్యాంకు పాస్‌బుక్ తెరిచి చూశాను. అమ్మిన డబ్బు పడిన మరుసటి రోజే మొత్తం మిల్లు సీసీ ఖాతాకు (వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) వెళ్ళిపోయింది. వడ్డీ కలిసొస్తుందని అట్లా చేశాడట. రిటర్ను గడువు దాటేనాటికి కొత్త చేను కొనలేదు, డబ్బు క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలోనూ (అమ్మిన డబ్బును మళ్ళీ భూమి కొనేదాకా ఉంచే ప్రత్యేక బ్యాంకు ఖాతా) లేదు. తప్పంతా అక్కడే.

చిరు వ్యాపారులు చాలామంది ఈ తప్పుతోనే దెబ్బ తినడం చూశాను. కాబట్టి ముందు ఇదే చెబుతాను. వ్యవసాయ భూమి అమ్మి రెండేళ్ళలోపు మళ్ళీ వ్యవసాయ భూమి కొంటే, ఆదాయపన్ను చట్టంలో 54బి అనే సెక్షన్ కింద ఆ లాభం మీద పన్ను మినహాయింపు ఉంది. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చి సెక్షన్ల నెంబర్లు మారాయి. మన ఆడిటర్లు మాత్రం ఇప్పటికీ 54బి అనే అంటున్నారు.) "రెండేళ్ళు" అన్న మాట ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. రిటర్ను వేయాల్సిన గడువులోపు ఇంకా భూమి కొనకపోతే, కొనడానికి ఉంచుకున్న సొమ్మును క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్ ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంటే కుదరదు, సీసీలో అసలే కుదరదు. 40 లక్షల లాభం వచ్చిందనుకోండి, మినహాయింపు పోతే 12.5 శాతం చొప్పున, సెస్సుతో కలిపి 5 లక్షల 20 వేలు పన్ను. సీసీలో మిగిలే వడ్డీ ఇందులో ఏ మూలకు?

ఆ ఖాతా పల్లె బ్రాంచీల్లో తెరవరు. కర్నూలు, కడప, అనంతపురం లాంటి చోట పెద్ద బ్రాంచీకి వెళ్ళి అడగాలి. గడువుకు రెండు రోజుల ముందు వెళితే, కౌంటర్లో ఆ ఫారం తెలిసిన మనిషి దొరికేసరికి గడువు దాటిపోతుంది. నెల ముందే వెళ్ళండి. దాన్నుంచి తీసిన డబ్బు 60 రోజుల్లో భూమికే ఖర్చు కావాలి, మిగిలింది తిరిగి అందులోనే వేయాలి.

అసలు మీ భూమికి పన్ను ఉందా అన్నది దానికంటే ముందు చూసుకోవాల్సిన సంగతి. పల్లె పొలానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను (అమ్మిన లాభం మీద పన్ను) లేదు. మున్సిపాలిటీ హద్దులో ఉంటే పన్ను పడుతుంది. హద్దు బయట అయినా, ఊరి జనాభాను బట్టి కొంత దూరం లోపు ఉంటే పన్ను పడుతుంది. పదివేలు దాటి లక్ష దాకా జనాభా ఉన్న ఊరికి 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల దాకా 6, అంతకు మించితే 8. 2011 లెక్కల ప్రకారం కర్నూలు, అనంతపురం, కడప, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు అన్నీ 6 కిలోమీటర్ల కిందికే వస్తాయి. డోన్, పులివెందుల లాంటివి 2 కిలోమీటర్లలోకి వస్తాయి. కొలిచేది ఏడు రోడ్ల కూడలి నుంచో కొండారెడ్డి బురుజు నుంచో కాదు, మున్సిపల్ హద్దు నుంచి. అదీ రోడ్డు వెంబడి కాదు, సూటిగా గీత గీసినట్టు. బండి మీద ఏడు కిలోమీటర్లు వచ్చింది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళకు సూటి దూరం అయిదున్నరే తేలిన కేసులు నా దగ్గరే ఉన్నాయి.

54బి కావాలంటే అమ్మడానికి ముందు రెండేళ్ళు మీరో, మీ అమ్మానాన్నలో, ఉమ్మడి కుటుంబమో ఆ భూమిలో సేద్యం చేసి ఉండాలి. మన సీమలో వానల్లేక బీడు పెట్టేస్తాం. అడంగల్లో (ఏ పంట వేశారో రాసే రెవెన్యూ రికార్డు) రెండేళ్ళూ ఖాళీ కనిపిస్తే నిరూపించడం చాలా కష్టం. ఈ-పంటలో నమోదు చేయించండి. విత్తనాల, ఎరువుల బిల్లులు దాచుకోండి.

ఫర్మ్ పేరున ఉన్న భూమికి 54బి రాదు. మనుషులకు, ఉమ్మడి కుటుంబానికే వస్తుంది.

అమ్మకముందే ఆ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించొద్దు. కొనేవాళ్ళు అడిగినా సరే, ఆ ఖర్చూ ఆ పనీ వాళ్ళకే వదలండి.

ప్లాట్లు వేసి అమ్మొద్దు, అది వ్యాపార ఆదాయం కిందికి పోతుంది.

అడ్వాన్సు 20 వేలు, అంతకుమించి నగదుగా తీసుకోవద్దు. తీసుకున్నంతా జరిమానా కట్టాల్సి వస్తుంది. బయానా కాగితం రాసుకునే రోజు కూడా బ్యాంకులోనే వేయించుకోండి.

పత్రంలో ధర తగ్గించి రాయొద్దు. రిజిస్ట్రేషన్ విలువ మీ ధర కంటే పది శాతానికి మించి ఎక్కువుంటే, ఆ విలువ మీదే పన్ను వేస్తారు.

ఎవరి పేరున అమ్మితే వాళ్ళ పేరునే కొనండి. కొడుకు పేరున, కోడలి పేరున వద్దు.

కొన్న భూమిని మూడేళ్ళలోపు అమ్మొద్దు.

తాతల నాటి భూమికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్పటి మార్కెట్ విలువ ధృవీకరణ ఇప్పుడే తీసుకోండి, నోటీసు వచ్చాక పరుగెత్తొద్దు.

చెక్కు చేతికి వచ్చిన రోజే సీసీ మేనేజర్ ఫోన్ చేస్తాడు, "ఈ నెల కొంచెం సర్దండి సార్" అంటాడు. సర్దొద్దు. ఆ డబ్బు మిల్లుది కాదు, షాపుది కాదు. భూమి కొనేదాకా వేరే ఖాతాలో ఉంచండి, గడువు లోపు కొనలేకపోతే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి రసీదు తెచ్చుకోండి. ఆ రసీదు జిరాక్సు రిటర్ను ఫైల్లో పెట్టి, అసలుది ఇంట్లో పట్టా పాస్‌బుక్ పక్కన పెట్టండి.