గ్నూక్యాష్‌లో బంగారం ధర తప్పు పడకుండా

ప్రొద్దుటూరులో నగ కొని గ్నూక్యాష్ అనే జమాఖర్చుల సాఫ్ట్‌వేర్‌లో రాసేటప్పుడు, గ్రాముల్లో పెట్టుకున్న బంగారం ఖాతాకు బిల్లు మొత్తం ఎక్కించొద్దండి. 10 గ్రాముల బంగారం 90,000, తరుగు, మజూరీ, జీఎస్టీ కలిపి 12,000 అనుకుందాం. అంతా ఒకే పద్దులో వేస్తే గ్రాము 10,200 అని గ్నూక్యాష్ తన ప్రైస్ డేటాబేస్‌లో (తేదీల వారీ ధరల పట్టికలో) తనంతట తానే రాసేసుకుంటుంది. ఇంట్లో పాత బంగారం 50 గ్రాములుంటే దానికీ అదే ధర కట్టి, దాని విలువే 60,000 ఎక్కువ చూపిస్తుంది! ఆ 12,000 ఖర్చు ఖాతాకు వేరే స్ప్లిట్‌గా (అదే ఎంట్రీలో ఇంకో వరుసగా) వేయండి.

ఇప్పటికే అలా రాసి ఉంటే ఎంట్రీ తీసేస్తే చాలదు, ధర అక్కడే ఉండిపోతుంది. టూల్స్ మెనూలో ప్రైస్ డేటాబేస్ తెరిచి ఆ తేదీ వరుసను తొలగించాలి. మార్చి 31 బ్యాలెన్స్ షీటు కావాలంటే ఆ రోజు ధరను అక్కడే చేత్తో చేర్చుకోండి.