గర్భిణులు ఐరన్ మాత్ర వేసుకోవలసిన పద్ధతి

గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే దానిని రక్తహీనతగా లెక్కిస్తారు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, ప్రసవమయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి.

ఆ మాత్రను దేనితో వేసుకుంటున్నామన్నది ఎంతో ముఖ్యం. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు కనుక వాటికీ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచి, పొదలకూరు తోటల నిమ్మకాయ మన నెల్లూరు వంటిళ్లలో ఉండేదే కాబట్టి, అరచెక్క పిండిన నీళ్లతో మింగడం మేలు. వికారం పుడితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. మలం నల్లబడిందని భయపడి కొందరు మాత్రలు ఆపేస్తారు; అది ఇనుము వల్ల వచ్చిన రంగే, దయచేసి మానకండి. ఆయాసం, గుండెదడ ఉంటే మాత్రం వెంటనే వైద్యులను కలవాలి.