పాడైన వస్తువు అంటగట్టారా? డబ్బు వాపసు రాబట్టుకోవడం ఎలా?

కొత్తగా కొన్న వస్తువు వారానికే మొరాయిస్తే మనవాళ్లు ముందు షాపుకెళ్లి గొడవ పడతారు, తర్వాత విసిగిపోయి ఊరుకుంటారు. ఈ రెంటికీ మధ్య చేయాల్సిన పనులు కొన్నున్నాయి. వాటిలో కష్టమైంది ఒక్కటే. చుట్టాలకీ, ఇరుగుపొరుగు వాళ్లకీ ఇలాంటి ఫిర్యాదులు చాలా రాసిపెట్టాను. ఓడిపోయినవాళ్లు దాదాపు అందరూ ఆ ఒక్కచోటే దెబ్బతిన్నారు. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, దాని దగ్గర ఆగుతాను.

1. కాగితాలు దాచండి

బిల్లు, వారంటీ కార్డు, డబ్బు కట్టిన ఆధారం, సీరియల్ నంబరు స్టిక్కర్ ఫోటో. మెషీన్‌లోంచి వచ్చే నున్నటి బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, కాబట్టి కొన్న రోజే ఫోటో తీయండి. బిల్లు ఇవ్వనంటే ఒప్పుకోకండి. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి.

2. వాడటం ఆపి, షాపుకి రాతపూర్వకంగా చెప్పండి

లోపం కనిపించగానే వీడియో తీయండి. షాపువాడికి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అదే రోజు పంపండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపిస్తే భయపడకండి. లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోకపోవడం, బిల్లులో రాసిన గడువులోపు డబ్బు తిరిగివ్వకపోవడం కూడా అదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజులు. రంగు నచ్చలేదనో, పక్క షాపులో తక్కువకి దొరికిందనో వెళ్తే మాత్రం ఇది పనికిరాదు.

"మాకు సంబంధం లేదు, కంపెనీతో మాట్లాడుకోండి" అనడం షాపులకు అలవాటు. మీ దగ్గర డబ్బు తీసుకున్నది షాపు. కాబట్టి ప్రతి కాగితంలోనూ షాపు పేరూ కంపెనీ పేరూ రెండూ ఉండాలి.

3. టెక్నీషియన్ వచ్చిన రోజు

అసలు సంగతి ఇది. కేసు గెలవడమో ఓడటమో కోర్టులో కాదు, టెక్నీషియన్ మీ ఇంట్లో జాబ్ షీట్ (మీ ఫిర్యాదేంటో, తను చూసి ఏం చేశాడో రాసి మీ సంతకం తీసుకునే కాగితం) రాసే ఆ పది నిమిషాల్లో తేలుతుంది. వస్తువులో లోపముందని చూపించాల్సిన బాధ్యత మనదే. దానికి మనకుండే గట్టి సాక్ష్యం అవతలివాళ్ల మనిషి చేతిరాతే.

మా చెల్లెలి వాషింగ్ మెషీన్ స్పిన్‌లోకి వెళ్లగానే గడగడా ఊగి ఆగిపోయేది. టెక్నీషియన్ నాలుగుసార్లు వచ్చాడు. నాలుగు జాబ్ షీట్లలోనూ ఫిర్యాదు గడిలో "జనరల్ చెకప్" అని, కింద "మెషీన్ పనిచేస్తోంది" అని రాశాడు. ఆ కిందే మా చెల్లెలి సంతకం. ఇలాంటి గొడవలు తేల్చే వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ ఆ నాలుగు కాగితాలే పెట్టింది. మెషీన్ నిజంగా పాడైనా, కాగితం మీద అది నాలుగుసార్లు బాగున్నట్టే లెక్క. కేసు పోయింది.

కాబట్టి జాబ్ షీట్ చదవకుండా సంతకం పెట్టకండి. ఫిర్యాదు గడిలో మీ మాటలే ఉండాలి: ఏం జరుగుతోంది, ఎప్పుడు జరుగుతోంది, ఇది ఎన్నోసారి. అతను రాయనంటే, సంతకం పెట్టే చోట మీరే పెన్నుతో రాయండి. మా పక్కింటాయన ఫ్రిజ్ విషయంలో ఇలా రాశారు: "రాత్రంతా నడిచినా ఫ్రీజర్‌లో నీళ్లు గడ్డకట్టలేదు. టెక్నీషియన్‌కి గిన్నె తీసి చూపించాను." కింద తేదీ, టైము, సంతకం. డబ్బు మొత్తం వాపసు రావడానికి ఆ రెండు వాక్యాలే ఆధారమయ్యాయి.

ఇప్పుడు చాలామంది ఫోన్‌లోనే జాబ్ షీట్ నింపి, స్క్రీన్ మీద వేలితో గీయించుకుంటారు. అలాంటప్పుడు స్క్రీన్ ఫోటో తీసుకుని, అతను గేటు దాటేలోపే కస్టమర్ కేర్‌కి మెసేజ్ పంపండి: ఫలానా కంప్లయింట్ నంబరు మీద మీ మనిషి వచ్చాడు, లోపం అలాగే ఉంది.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ఓటీపీ. "కోడ్ చెప్పండి మేడమ్, చెప్తేనే నేను వెళ్లగలను" అంటాడు. ఆ కోడ్ చెప్పారంటే పని పూర్తయిందని మీరు ఒప్పుకున్నట్టు నమోదై కంప్లయింట్ మూతపడుతుంది. మనిషి మంచివాడే కావచ్చు, రోజుకి ఇన్ని కంప్లయింట్లు మూయాలని అతని మీదా ఒత్తిడి ఉంటుంది. మంచినీళ్లివ్వండి, కోడ్ మాత్రం ఇవ్వకండి. వస్తువు బాగై, మీరు వాడి చూశాకే చెప్పండి.

వస్తువుని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తానంటే రసీదు లేకుండా గడప దాటనివ్వకండి. రసీదులో సీరియల్ నంబరు, వస్తువు బయటికి ఎలా ఉందో, తీసుకెళ్తున్న కారణం ఉండాలి. లేకపోతే రేపు "పైనుంచి పడేశారు", "లోపలికి నీళ్లు పోయాయి" అంటారు.

తెలిసిన మెకానిక్‌తో ఒకసారి విప్పించి చూద్దామన్న ఆలోచన మానుకోండి. చాలా వారంటీల్లో బయటివాళ్లు విప్పితే వారంటీ చెల్లదన్న షరతుంటుంది. అంతకన్నా ముఖ్యం, చూడగానే తెలియని లోపమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపించి 45 రోజుల్లో నివేదిక అడగగలదు. ఆ పరీక్ష ఫీజు ముందు మిమ్మల్నే కట్టమనవచ్చు. ఒకసారి విప్పిన వస్తువు మీద ఏ ల్యాబూ మీకు అనుకూలంగా గట్టిగా చెప్పలేదు.

4. నోటీసు

చట్టం తప్పనిసరి చేయలేదు, అయినా నోటీసు ఇవ్వకుండా కమిషన్ మెట్లెక్కకండి. ఒకే పేజీ. కొన్న తేదీ, కట్టిన మొత్తం, లోపం, ఎన్నిసార్లు రిపేరుకొచ్చారో, 15 రోజుల గడువు. షాపుకీ కంపెనీకీ స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు ఆధారం ప్రింటు తీసుకోండి. మెయిల్ చాలదా అంటారు. కవరు చేతికందితే అది ఎవరో ఒకరి బల్ల మీద ఉంటుంది, మెయిల్‌కి ఆ బరువు లేదు.

అడిగేది డబ్బే అడగండి, మార్చిమ్మని కాదు. మార్చిన దాంట్లోనూ అదే లోపముంటే మళ్లీ మొదటికే వస్తారు.

సోషల్ మీడియాలో కంపెనీని ట్యాగ్ చేస్తే చాలనుకునేవాళ్లు పెరిగారు. వెంటనే "క్షమించండి, మా బృందం సంప్రదిస్తుంది" అని జవాబొస్తుంది. మనకి సగం కోపం చల్లారుతుంది, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. లోపం బయటపడ్డ నాటి నుంచి కమిషన్‌కి వెళ్లడానికి ఉన్నది రెండేళ్లే. కస్టమర్ కేర్‌తో మాట్లాడుతున్నాం కదా అని అది ఆగదు.

5. 1915, ఆ తర్వాత కమిషన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. వాళ్లు కంపెనీకి పంపి జవాబు రాబడతారు. చాలా గొడవలు అక్కడే తెగుతాయి. కానీ అది కోర్టు కాదు, ఆదేశించే అధికారం లేదు.

తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువుకి మీరు కట్టింది 50 లక్షల రూపాయలు మించకపోతే ఇక్కడే. 5 లక్షల దాకా ఫీజు లేదు. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. లాయరు అక్కర్లేదు, మీరే వాదించుకోవచ్చు. తిరిగి అమ్ముకోవడానికి కొన్న సరుకైతే మాత్రం ఈ దారి లేదు. బతుకుతెరువు కోసం తనే కుట్టుకునే టైలరు కొన్న మిషనుకైతే ఉంది.

కమిషన్ పంపే నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ మహా అయితే ఇంకో 15 రోజులిస్తుంది. పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, ఉన్నది 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది, ఓపిక పట్టండి.

ఉత్తర్వు మీవైపే వచ్చినా వస్తువుని తుక్కుకి వేయకండి. అవతలివాళ్లకి రాష్ట్ర కమిషన్‌లో అప్పీలుకి 45 రోజులుంటాయి. డబ్బిచ్చేటప్పుడు పాత వస్తువు వెనక్కి అడుగుతారు కూడా. డబ్బు ఖాతాలో పడేదాకా అది మీ ఇంట్లోనే, ఆ జాబ్ షీట్లతో కలిపి ఉండాలి.